వెనక స్పీకర్లు పలికిన రోజు

దసరాకు కొన్న 5.1 హోమ్ థియేటర్‌లో సోఫా వెనకున్న రెండు స్పీకర్లూ నిన్నటి దాకా గోడకు అలంకారమే. బీసెంట్ రోడ్డు దుకాణం వాళ్లకు మూడుసార్లు ఫోను చేసి విసిగించాను కూడా, పాపం.

నిన్న గుంటూరు నుంచి మా బావమరిది వచ్చాడు. "బావగారూ, టీవీ ఆడియో అవుట్‌పుట్‌ను పీసీఎంలో పెట్టుకుని కూర్చున్నారేమిటి?" అన్నాడు.

టీవీ నుంచి హోమ్ థియేటర్‌కు మాది ఆప్టికల్ కేబుల్. పీసీఎం అంటే కుదించని ధ్వని. సీడీ లెక్కనే చూడండి: సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు. రెండు చానళ్లకే, అంటే రెండు స్పీకర్ల ధ్వనికే, సెకనుకు 14 లక్షల బిట్లు దాటుతాయి. ఈ తీగలో అలాంటి చానళ్లు రెండే పడతాయి. ధ్వనిని కుదించి పంపే డాల్బీ డిజిటల్ మాత్రం మొత్తం ఆరింటినీ 640 కిలోబిట్లలోపే సర్దేస్తుంది: ముందు మూడు, వెనక రెండు, 5.1లోని ఆ చుక్క ఒకటి సబ్‌వూఫర్‌ది. (నేను 5.1ను మోడల్ నంబరు అనుకున్నాను.) బ్లూరే డిస్కులోని ట్రూహెచ్‌డీ (నాణ్యత ఏమాత్రం పోని డాల్బీ ధ్వని) టీవీ మీదుగా రావాలంటే మాత్రం ఈఆర్క్ (టీవీ ధ్వనిని బయటికి పంపే సదుపాయం) ఉన్న హెచ్‌డీఎంఐ ఉండాల్సిందే.

బావమరిది సెట్టింగును డాల్బీ డిజిటల్‌కు మార్చి ఏదో సినిమా పెట్టాడు. తెర మీద వాన మొదలైంది. వెనక నుంచి చినుకుల చప్పుడు వినగానే అమ్మ బాల్కనీలో ఆరేసిన బట్టల కోసం పరుగెత్తింది. బయట మండుటెండ.