చీటీ మీద 'తలనొప్పి' అని మాత్రమే ఉంటే

స్కాన్లు చదివి రిపోర్టు రాసే మా గదికి డాక్టర్లు పంపే చాలా చీటీల మీద ఒక్క మాటే ఉంటుంది: తలనొప్పి. ఎన్నాళ్ళుగా? ఎక్కడైనా పడ్డారా? వాంతులున్నాయా? ఏమీ రాసి ఉండదు. మెదడు స్కాన్లు చదవడంలో పొరపాట్లు ఎందుకు జరుగుతాయని ఎవరు అడిగినా నేను ముందు ఈ చీటీనే చూపిస్తాను.

మా పొరపాట్లలో ఎక్కువ భాగం తెలియక జరిగేవి కావు, కంటికి ఆనక జరిగేవి. 2013లో అమెరికా పరిశోధకులు ఊపిరితిత్తుల సీటీ స్కాన్‌లో ఒక గొరిల్లా బొమ్మ చొప్పించి 24 మంది రేడియాలజిస్టులకు, అంటే స్కాన్లు చదివే డాక్టర్లకు, ఇచ్చారు. చిన్న గడ్డల కోసం వెతుకుతున్న వాళ్ళలో 20 మందికి అది కనబడలేదు. వారిలో చాలామంది చూపు నేరుగా దాని మీదే పడిందని కంటి కదలికల నమోదులో తేలింది. దేనికోసం వెతకాలో ముందే తెలియడం అంత అవసరం.

మెదడు స్కాన్లోనూ అలా కంటికి ఆననిది ఒకటుంది. పుర్రెకూ మెదడుకూ మధ్య చేరిన రక్తం మొదట్లో సీటీలో తెల్లగా ఉంటుంది. ఒకటి నుంచి మూడు వారాల మధ్య దాదాపు మెదడు రంగుకే వచ్చేస్తుంది. ఒకవైపే ఉంటే మెదడు మధ్యరేఖ పక్కకు జరిగి అనుమానం కలిగిస్తుంది. రెండువైపులా సమానంగా ఉంటే ఆ ఆధారమూ ఉండదు.

హిందూపురం నుంచి బెంగళూరుకు వచ్చిన ఒక పెద్దాయన స్కాన్ అలాంటిదే. ఆ వయసులో మెదడు మడతల మధ్య సందులు వెడల్పుగా ఉండాలి. ఆయనవి కుర్రవాడి మెదడులో ఉన్నట్టు బిగుతుగా ఉన్నాయి. అదే నన్ను లేపింది. బయటికి వెళ్ళి అడిగాను.

"పెద్దయ్యా, ఈమధ్య ఎక్కడైనా పడ్డారా?"

కొడుకు అందుకున్నాడు. "కళ్ళంలో జారారు మేడమ్, మూడు వారాలవుతోంది. నెత్తురు రాలేదని పట్టించుకోలేదు. గుండెకు రక్తం పలచబడే మాత్ర కూడా వాడుతున్నారు."

తిరిగొచ్చి తెర మీద నలుపు తెలుపుల అమరిక మార్చాను. మడతలు పుర్రె దాకా రాకుండా, రెండువైపులా పలుచని రక్తపు పొర దగ్గర ఆగిపోయాయి.

అలసట, ఒక జబ్బు దొరకగానే వెతుకులాట మందగించడం, చిన్నమెదడు దగ్గర ఎముకల వల్ల పడే చారలు, మా పొరపాట్లకు ఇవీ కారణాలే. కానీ చీటీని నింపడం వీటన్నిటికన్నా తేలిక. మీ డాక్టరు రాయకపోతే స్కాన్ తీసేవారికి మీరే చెప్పండి: నొప్పి ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు పడ్డారో, ఏ మందులు వాడుతున్నారో. పాత రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, పాత ఫిల్ములు, సీడీ కూడా తీసుకురండి.