బ్యాంకాక్‌లో చివరి రోజు: పొద్దున రామాయణం, మధ్యాహ్నం ప్రతూనామ్

రాత్రి ఫ్లైట్ ఉన్న రోజును ఎలా గడపాలన్న విషయంలో మా ఇంట్లో ఎప్పుడూ ఒక మాట మీద నిలబడం. పొద్దున్నే షాపింగ్ మొదలుపెడితే సాయంత్రానికి సూట్‌కేసులు సర్దుకోవచ్చని మా ఆయన లెక్క. పిల్లలకేమో హోటల్లో స్విమ్మింగ్ పూల్ ఉంటే చాలు, ఊరితో పనిలేదు. అమ్మ మాత్రం నోరు విప్పలేదు. అప్పటిదాకా మేం తిరిగినవి అక్వేరియం, సఫారీ పార్కు, ఏసీ మాల్స్. అంతటా అమ్మ ఒక బెంచీ చూసుకుని, "మీరు చూసి రండమ్మా, బ్యాగులు నేను చూస్తుంటా" అని కూర్చుంది. బ్యాగులు కాపలా కాయడానికి పాస్‌పోర్ట్ తీయించి ఇంత దూరం తీసుకురావాలా? చివరి రోజు పొద్దుట గ్రాండ్ ప్యాలెస్, మధ్యాహ్నం నుంచి ప్రతూనామ్ బజారులో షాపింగ్ అని నేనే తేల్చేశాను. మా ఆయన గొణిగారు గానీ అత్తగారి ముందు పెద్దగా మాట్లాడలేరు కదా.

పొద్దున్నే రూమ్ ఖాళీ చేసి, సామాను హోటల్ వాళ్ల దగ్గర పెట్టి బయల్దేరాం. ప్యాలెస్ ఎనిమిదిన్నరకు తెరుస్తారు. ఎంత త్వరగా చేరితే అంత మంచిది, పది దాటితే టూర్ బస్సులన్నీ అక్కడే దిగుతాయి. ట్యాక్సీ దిగి నాలుగు అడుగులు వేశామో లేదో, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన ఎదురొచ్చి, "ఈ రోజు పూజలున్నాయి, మధ్యాహ్నం దాకా మూసేశారు, ఈలోగా తక్కువ డబ్బులకు ఆటోలో వేరే గుళ్లు చూపిస్తా" అన్నాడు. ఇది బ్యాంకాక్‌లో బాగా పాత మోసం. ఆ ఆటో చివరికి ఏదో రత్నాల కొట్టు ముందు ఆగుతుంది. ప్యాలెస్ మూసి ఉందని రోడ్డు మీద ఎవరు చెప్పినా నమ్మకుండా టికెట్ కౌంటర్ దాకా వెళ్లిపోవడమే. అమ్మకు విషయం చెబితే, "పాపం, చూడ్డానికి ఎంత మర్యాదస్తుడిలా ఉన్నాడు" అని వెనక్కి తిరిగి మళ్లీ చూసింది.

టికెట్ విదేశీయులకు 500 బాత్. మన రూపాయల్లో బాత్‌కు రెండున్నర పైమాటే కాబట్టి నలుగురికీ కలిపి కాస్త గట్టిగానే తగులుతుంది. 120 సెంటీమీటర్ల లోపు పిల్లలకు ఉచితం. మా చిన్నాడు ఆ గీత దాటలేదు, ఇల్లు వదిలాక వాడు నాకు మిగిల్చిన మొదటి డబ్బు అదే. బట్టల విషయంలో మాత్రం వాళ్లు కచ్చితం. మోకాళ్లు కనిపించకూడదు, భుజాలు కప్పుకోవాలి. పాప షార్ట్స్ వేసుకుంటానని హోటల్లో పేచీ పెట్టింది. తీరా చూస్తే గేటు ఎదురుగా కొట్లలో ఏనుగు బొమ్మల పైజమాలు కొనుక్కుని, వేసుకున్న నిక్కర్ల మీదే తొడుక్కుంటున్న యూరోపియన్లు బోలెడంతమంది ఉన్నారు. అవి చూశాక పాపకు తనకూ అదే పైజమా కావాలనిపించింది. పేచీ వల్ల కానిది ఫ్యాషన్ వల్ల అయింది.

ప్యాలెస్ ఆవరణలోనే ఉంది వాట్ ఫ్రా కేవ్, మరకత బుద్ధుడి గుడి. చక్రి వంశంలో మొదటి రాజు 1782లో బ్యాంకాక్‌ను రాజధాని చేసుకున్నప్పుడు ఈ ప్యాలెస్, గుడి కట్టడం మొదలైంది. ఆ వంశం రాజులను రామ అనే పేరుతోనే లెక్కిస్తారు, ఇప్పుడున్నది పదో రామ. విగ్రహాన్ని మరకతం అంటారు గానీ నిజానికి అది ఆకుపచ్చ జేడ్ రాయి. ఎత్తు 66 సెంటీమీటర్లే. అంత పెద్ద హాల్లో ఎంతో ఎత్తున బంగారు పీఠం మీద కూర్చోబెట్టారు కాబట్టి కళ్లు చికిలించి వెతుక్కోవాలి. ఎండకాలం, వానాకాలం, చలికాలం అని ఏడాదికి మూడుసార్లు రాజే స్వయంగా ఆ విగ్రహానికి వస్త్రాలు మారుస్తాడు. లోపల ఫొటోలు నిషేధం. పాదాలు బుద్ధుడి వైపు చాపకుండా కాళ్లు వెనక్కి మడిచి కూర్చోవాలి. అమ్మకు మోకాళ్ల నొప్పి, అలా ఎక్కువసేపు కూర్చోలేకపోయింది. ఇక్కడ కూడా బెంచీ వెతుక్కుంటుందేమో అనుకున్నాను.

బయటకొచ్చాక ప్రాకారం లోపలి వైపు పొడవాటి వసారాలోకి నీడ కోసం వెళ్లాం. ఆ గోడంతా రామాయణమే! థాయ్ రామాయణాన్ని రామకియన్ అంటారు. మొదటి రామ హయాంలో, 1797లో దాన్ని కావ్యంగా రాయించారు. ఆ కథ మొత్తాన్ని 178 చిత్రాల్లో గుడి చుట్టూ గీశారు. తేమకు పాడైనప్పుడల్లా మళ్లీ మళ్లీ బాగుచేస్తూ వస్తున్నారు. ఉత్తరం గేటు దగ్గర మొదలుపెట్టి, ప్రదక్షిణలా ఎడమ నుంచి కుడికి నడుస్తూ చూడాలి. రాముడు ఆకుపచ్చగా, లక్ష్మణుడు బంగారు రంగులో, హనుమంతుడు తెల్లగా ఉంటారు. కిరీటాలకు, రథాలకు, మేడలకు బంగారు పూత. వాటి పక్కన మామూలు జనం మాత్రం థాయ్ పల్లెటూళ్లలోలాగా వంటలు చేసుకుంటూ, పిల్లల్ని ఎత్తుకుని, కోతిసేనను గుడ్లప్పగించి చూస్తూ ఉంటారు.

మొదటి చిత్రం దగ్గర జనకుడికి పొలంలో పాప దొరుకుతోంది. అమ్మ ఒక్క క్షణం నిలబడి, "సీతమ్మ" అంది. అంతే, ఇక ఆవిడను ఆపేవాళ్లు లేరు. గైడు అక్కర్లేదు, ఆడియో అక్కర్లేదు. పిల్లలిద్దరినీ చెరో చేత్తో పట్టుకుని ఒక్కో బొమ్మ ముందు ఆగి కథ చెప్పడం మొదలుపెట్టింది. ఇక్కడి కథ ప్రకారం సీత రావణుడి కూతురే. లంకకు కీడని జోస్యం చెప్పడంతో పుట్టగానే వదిలించుకుంటారు. ఆ సంగతి నేను ఫోన్లో చదివి చెబితే, "అలా కూడా కొందరు చెబుతారులే, మా నాయనమ్మ కూడా ఒకసారి చెప్పింది" అని పెద్దగా పట్టించుకోలేదు.

వారధి కట్టే చోట మాత్రం గొడవైంది. వానరులు సముద్రంలో వేసిన రాళ్లను నీళ్ల కింద ఒక మత్స్యకన్య సేన ఎత్తుకుపోతుంటుంది. ఆవిడ పేరు సువన్నమచ్చ, రావణుడి కూతురు. హనుమంతుడు నీళ్లలోకి దూకి ఆవిడను పట్టుకుంటాడు. తర్వాత ఇద్దరూ ప్రేమలో పడతారు. ఇది చెప్పగానే అమ్మ ముఖం చూడాలి! "ఆంజనేయస్వామికి ప్రేమ ఏంటే? నీ ఫోన్ తప్పు చెబుతోంది" అంది. మా వాడికి హనుమంతుడు మొదటిసారి మామూలు మనిషిలా కనిపించినట్టుంది, "తర్వాత ఏమైంది?" అని నన్నే పీకాడు. తర్వాత వాళ్లకు మచ్ఛాను అనే కొడుకు పుడతాడు, కోతి శరీరం, చేప తోక. అమ్మ రెండు నిమిషాలు మౌనంగా నడిచి, హఠాత్తుగా ఆగింది. "మత్స్యవల్లభుడు! మైరావణుడి కథలో ఉన్నాడుగా. స్వామి చెమట చుక్కను చేప మింగితే పుట్టాడు. ప్రేమా లేదు, పెళ్లీ లేదు. వీళ్లకెవరో సగం చెప్పుంటారు."

ఆ మైరావణుడూ ఆ గోడ మీద ఉన్నాడు, మైయరాప్ పేరుతో. మా దగ్గర చెప్పే కథలో హనుమంతుడు తోకను చుట్టలు చుట్టి కోట కట్టి, రామలక్ష్మణులను అందులో దాస్తాడు. ఇక్కడ కొండంత పెరిగి, రాముడు పడుకున్న మంటపాన్ని నోట్లో పెట్టుకుని కాపలా కాస్తాడు. పళ్ల మధ్య నుంచి మంటపం కనిపిస్తుంటుంది. ఈ ట్రిప్పు మొత్తం మీద అమ్మ తనంతట తాను ఫొటో తియ్యమని అడిగింది ఆ ఒక్క బొమ్మకే. తోక కోట బాగుందా, నోరు బాగుందా అని పిల్లలను అడిగితే ఇద్దరూ నోటికే ఓటేశారు. నేనూ నోటికే. అమ్మ మాత్రం తోకే భద్రం అంది, నోరైతే ఆవలింత వస్తుందిగా అని.

మా ఆయన ఈలోగా గడియారం చూసుకుంటూ తిరుగుతున్నారు. యుద్ధకాండలో సగానికొచ్చేసరికి, "అత్తయ్యగారూ, ఇంకా చాలా ఉందాండీ?" అని అడిగారు. "రావణుడు చావాలి కదా నాయనా" అంది అమ్మ. కానీ రావణుడు చావకముందే బయటకొచ్చాం. ఎండ మండిపోతోంది, పిల్లలకు ఆకలి.

పక్కనే నడిచి వెళ్లేంత దూరంలో వాట్ ఫో. పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడవు, హాల్లో ఎక్కడ నిలబడినా మొత్తం విగ్రహం కంటికి ఆనదు. గోడ పొడవునా 108 కంచు గిన్నెలు వరసగా పెట్టారు. చిల్లర నాణేల గిన్నె కొనుక్కుని ఒక్కొక్కదానిలో ఒక్కో నాణెం వేసుకుంటూ వెళ్లాలి. టంగు టంగున ఆ చప్పుడు పిల్లలకు తెగ నచ్చింది. నది అవతల వాట్ అరుణ్ ఉంది, పడవలో దాటితే ఐదు నిమిషాలు. ఒడ్డు నుంచే చూసి సరిపెట్టుకున్నాం. ఒక్క పొద్దుట్లో మూడు గుళ్లు పెట్టుకుంటే ఏదీ మిగలదు.

అక్కడి నుంచి సనమ్ చాయ్ మెట్రో స్టేషన్ దగ్గరే. 2019లో తెరిచిన స్టేషన్, లోపల స్తంభాలు, పైకప్పు రాజదర్బారులా కట్టారు. మెట్రో, తర్వాత స్కైట్రెయిన్ మారి చిట్ లోమ్‌లో దిగాం. మెట్లు దిగితే పెద్ద కూడలిలో ఎరవాన్ గుడి. 1956లో పెట్టిన నాలుగు ముఖాల బ్రహ్మ. మొక్కు తీరినవాళ్లు డబ్బు కట్టి నర్తకీమణులతో ఆయన ముందు నాట్యం చేయిస్తారు. ఎక్కడా పెద్దగా పూజలందుకోని దేవుడికి ఈ కూడలిలో ఇంత రద్దీనా అని అమ్మ దండం పెట్టుకుని, చెప్పులేసుకుంది.

ఇక షాపింగ్. ప్రతూనామ్‌లో ప్లాటినమ్ మాల్ గురించి ముందే తెలుసుకోవాల్సింది ఒక్కటే: అక్కడ చాలా కొట్లలో ఒకటి కొంటే ఒక ధర, మూడు కొంటే హోల్‌సేల్ ధర. భాష రాకపోయినా ఇబ్బంది లేదు, వాళ్లు క్యాలిక్యులేటర్‌లో అంకె కొట్టి చూపిస్తారు, మనం దాన్ని తుడిపేసి మన అంకె కొట్టాలి. వారమంతా బెంచీ మీద కూర్చున్న మనిషి ఆ క్యాలిక్యులేటర్ చేతికి తీసుకున్నాక నేను పక్కకు తప్పుకున్నాను. కొట్టు అమ్మాయి 250 కొడితే అమ్మ 120 కొట్టింది. ఆ అమ్మాయి నవ్వి 220 అంది. అమ్మ నవ్వకుండా 120 మళ్లీ కొట్టింది. చివరికి మూడు కుర్తీల్లాంటి టాప్స్ 150 లెక్కన వచ్చాయి. ఇద్దరూ ఒకరికొకరు నమస్కారం పెట్టుకుని విడిపోయారు.

మా ఆయనకు హాల్లో పెట్టడానికి బుద్ధుడి తల కావాలట. బుద్ధుడు అలంకరణ వస్తువు కాదని ఊరంతా బోర్డులు పెట్టి మరీ చెబుతున్నారు. పైగా బుద్ధ విగ్రహాలు దేశం దాటించాలంటే అక్కడి ఫైన్ ఆర్ట్స్ శాఖ అనుమతి కావాలి. మెడలో వేసుకునే చిన్న తాయెత్తుల్లాంటివి వేరే సంగతి. చెక్క ఏనుగుతో సరిపెట్టాం.

ఇంటికి తీసుకెళ్లే చిరుతిళ్లకు రాజదమ్రి రోడ్డులో బిగ్ సి సూపర్‌మార్కెట్ చాలు. ఎండు మామిడి, చింతపండు బిళ్లలు, ముక్కుకు పెట్టుకునే ఇన్‌హేలర్లు, పచ్చ రంగు బామ్. శాకాహారులైతే ప్యాకెట్ల మీద పసుపు నేపథ్యంలో ఎర్ర అక్షరం చూసుకోండి, దాన్ని జే అంటారు, మాంసం, చేప, గుడ్డు ఏవీ లేవని గుర్తు. అది లేనివాటిలో వేరుశనగ చిక్కీలాగా కనిపించే దాంట్లో కూడా ఎండు రొయ్యలు తగలొచ్చు. బామ్ సీసాలు, సాస్‌లు చెక్-ఇన్ బ్యాగులో పెట్టడం మేలు, 100 మిల్లీలీటర్లు దాటితే చేతి సంచిలోంచి తీసేస్తారు.

హోటల్ నుంచి సామాను తీసుకున్నాక, ఎయిర్‌పోర్ట్‌కు ట్యాక్సీ ఎక్కుదామని మా ఆయన, రైలని నేను. సాయంత్రం ఆరింటికి ప్రతూనామ్ రోడ్డు చూశాక ఆయనే సూట్‌కేసు లాక్కుంటూ రాచప్రారోప్ స్టేషన్ వైపు నడిచారు. ఎయిర్‌పోర్ట్ రైలు అరగంటలోపే సువర్ణభూమి చేర్చింది.

పన్ను వాపసు కావాలంటే ఒకే కొట్లో ఒకే రోజు కనీసం 2000 బాత్ కొని, పాస్‌పోర్ట్ చూపించి అక్కడే ఫారం రాయించుకోవాలి. ప్రతూనామ్ చిన్న కొట్లలో ఇది కుదరదు. ఒక పెద్ద స్టోర్‌లో కొన్న బూట్ల బిల్లు మాత్రం ఉంది. ఇమిగ్రేషన్ దాటాక ఆ క్యూలో మా ఆయనను నిలబెట్టి మేం ముందుకెళ్లాం. అక్కడ నిలువెత్తు రంగుల బొమ్మలతో క్షీరసాగర మథనం. కొండ మీద విష్ణుమూర్తి, చుట్టూ వాసుకి, అటూ ఇటూ లాగుతున్న దేవతలు, రాక్షసులు. ఈసారి అమ్మను నేను పిలవక్కర్లేకపోయింది. ట్రాలీ నాకు అప్పగించి, "బ్యాగులు నువ్వు చూస్తుండు" అని పిల్లల్ని వెంటేసుకుని అటు వెళ్లింది. హాలాహలం ఎవరు తాగారో చెప్పేలోపు మా ఆయన డబ్బుతో వచ్చారు. ఆ వాపసు మొత్తంతో దర్జాగా కాఫీలు, పిల్లలకు శాండ్‌విచ్‌లు కొన్నాం. ఎయిర్‌పోర్ట్ ధరలకు అది సరిపోక, పైన ఇంకో అరవై బాత్ మా ఆయన జేబులోంచే వెళ్లింది.