గెయిన్ తగ్గిస్తే కుడి ఛానెల్ కాలుతున్నది: టీడీఏ2030ఏ ఆంప్లిఫయర్ బోర్డు అప్‌డేట్

నా స్టీరియో ఆంప్లిఫయర్‌ల గెయిన్ (లోపలికొచ్చిన సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతదో అది) తగ్గిద్దామని 22కె రెసిస్టర్లు తీసి 12కె పెట్టిన. ఎడమ ఛానెల్ సెట్ అయింది, మంచిగ పాడుతున్నది. కుడిదే సతాయిస్తున్నది. అదే రెసిస్టర్, అదే ఐసీ, అదే సప్లై, అయినా పాట పెట్టకముందే హీట్‌సింక్ మీద చెయ్యి ఆగుతలేదు!

గెయిన్ ఎందుకు తగ్గిస్తున్న అంటే, ఈ టీడీఏ2030ఏ ఐసీ బోర్డు మీద గెయిన్ తేల్చే రెసిస్టర్లు 22కె, 680 ఓమ్స్ వచ్చినయి, అంటే 33 రెట్లు, 30 డీబీ (డెసిబెల్) పైనే. నా 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్‌తోని సప్లై ప్లస్ మైనస్ 16 వస్తది, దాంట్ల క్లీన్‌గ ఓ 9 వోల్టులు బయటికి వస్తయి అనుకున్నా ఇన్‌పుట్‌ల 0.27 వోల్టు చాలు. ముందట 4558 ఐసీ టోన్ బోర్డు (బాస్, ట్రెబుల్ తిప్పేది) వేరే ఉన్నది కాబట్టి వాల్యూమ్ పావు వంతు తిప్పంగనే సౌండ్ పగులుతున్నది, రాత్రి ఫ్యాన్ బంద్ చేస్తే ట్వీటర్‌ల సుయ్యిమని హిస్. డేటాషీట్‌ల (ఐసీ కంపెనీ ఇచ్చే వివరాల కాగితం) గెయిన్ 24 డీబీ కంటే ఎక్కువే ఉండాలని రాసి ఉన్నది, 10కె పెడితే 23.9 అయితది కాబట్టి దాన్ని ముట్టలేదు, 12కెతోని 25.4 డీబీ, లిమిట్ పైనే ఉన్నం.

ఇగ రీడింగులు. ప్లస్ లైన్‌ల 10 ఓమ్స్ సిరీస్ పెట్టి దాని మీద వోల్టేజ్ చూసిన, ఇన్‌పుట్ గ్రౌండ్‌కు షార్ట్ చేసి, అంటే పాట లేకుండనే. ఎడమ 0.43 వోల్టు, అంటే 43 మిల్లీ ఆంప్స్, నార్మల్. కుడి 2.1, అంటే 210! ఆసిలోస్కోప్ (సిగ్నల్ ఆకారం చూపించే మీటర్) లేదు నా దగ్గర, అందుకని మా నాయన పాత రేడియో తెచ్చి మీడియం వేవ్‌ల 738 మీద హైదరాబాద్ ఆకాశవాణి పెట్టి బోర్డు పక్కన పెట్టిన, కుడి ఛానెల్ ఆన్ చేస్తే స్టేషన్ మొత్తం బుస్సుమని మునిగిపోతున్నది, బంద్ చేస్తే మళ్ల వార్తలు. ఆసిలేషనే (పాట లేకున్నా ఐసీ తనంతట తానే హై ఫ్రీక్వెన్సీల ఊగుడు), డౌట్ లేదు.

ఐసీలు అటుది ఇటు మార్చిన, ప్రాబ్లం కుడిపక్కనే ఉండిపోయింది, అంటే ఐసీది కాదు, బోర్డుది. అవుట్‌పుట్ దగ్గర 1 ఓమ్‌తోని 224 కెపాసిటర్ (0.22 మైక్రోఫారడ్) ఉండాల్సిన జాగల బోర్డు చేసినోళ్లు 104 (0.1 మైక్రోఫారడ్) వేసిండ్రు, అది మార్చిన, కుడి రీడింగ్ 2.1 నుంచి 1.7 వోల్టులకు దిగింది. తర్వాత ఐసీ 3, 5 కాళ్ల (సప్లై వచ్చే కాళ్లు) మొదట్లనే గ్రౌండ్‌కు చెరొక 104 సోల్డర్ చేసిన, 0.9. స్పీకర్ వైర్ పీకేస్తే 0.45, బంగారం లెక్క. వైర్ ఒక్కటే పెట్టి అవతల చివర స్పీకర్ లేకుండ చూసినా మళ్ల 0.8! నాలుగు మీటర్ల వైర్ కెపాసిటెన్సే దీన్ని రెచ్చగొడుతున్నదని నా అంచనా, కానీ గదే వైర్ ఎడమకు పెడితే ఏం కాదు. తేడా ఒక్కటే కనిపిస్తున్నది, కుడి ఐసీకి ఫిల్టర్ కెపాసిటర్ నుంచి సన్నటి ట్రాక్ 6 సెంటీమీటర్లు పోతున్నది, ఎడమకు 2 కూడా లేదు.

ఇప్పటికైతే రెండు దిక్కుల 15కె పెట్టిన, 27.3 డీబీ, రెండూ సల్లగున్నయి. హిస్ కొంచెం తగ్గింది, నాకు చాలలేదు.

పేరు లేని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల జోలికి పోకుండ ఈసారి కెల్ట్రాన్ కంపెనీ 1000 మైక్రోఫారడ్‌వి రెండు ఆ కుడి ఐసీ కాళ్ల దగ్గరనే పెడత, సప్లై ట్రాక్ మీద లావు రాగి తీగ పరుస్త. అవుట్‌పుట్‌ల 10 ఓమ్స్ 2 వాట్ల రెసిస్టర్ మీద పది చుట్లు ఎనామెల్ వైర్ చుట్టి చూడాలె, వైర్ కెపాసిటెన్స్ సంగతి అప్పుడు తేలుతది. గడియారం సెంటర్ దగ్గర షాపులల్ల అడిగితే 1 ఓమ్ కూడా దొరకలేదు, కాబట్టి హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి పోవాలె. పోతే ఎల్ఎం1875 ఆంప్లిఫయర్ ఐసీలు కూడా రెండు తెస్త, కాళ్లు సేమ్, పది రెట్ల గెయిన్‌కు కూడా స్టేబుల్ అని డేటాషీట్‌లనే ఉన్నది. ఒరిజినల్ దొరికితే 2030 పీకేసుడే. ఎవరి దగ్గరన్నా ఈ బోర్డు మీద 12కె నడుస్తుంటే రీడింగులు పెట్టుండ్రి అన్నా, సప్లై ట్రాక్ పొడుగు కూడా కొలిచి చెప్పుండ్రి.