పదిహేడేళ్ల కుర్రాడి చేతులు

రాత్రి నిద్ర పట్టక టోనీ విలియమ్స్ డ్రమ్స్ విన్నాను. 1963లో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందంలో చేరేనాటికి అతనికి 17 ఏళ్లే. బోస్టన్‌లో పెరిగిన కుర్రాడు, డ్రమ్మర్ అలన్ డాసన్ శిష్యుడు.

1967లో ఆ బృందం రికార్డు చేసిన 'నెఫర్టీటీ'లో ట్రంపెట్, శాక్సోఫోన్ ఒకే ట్యూన్‌ని మళ్లీ మళ్లీ వాయిస్తుంటాయి. సోలో అంటూ తీసుకోవు. వాటి కింద పొంగుతూ, తగ్గుతూ ఉండేది టోనీ డ్రమ్స్. సింబల్ అనే లోహపు పళ్లెం మీద పుల్ల తగిలే సన్నని చప్పుడు, ఉన్నట్టుండి విరుచుకుపడే స్నేర్ డ్రమ్... తాళం వేసేవాళ్లు వెనకుండి తోడు నడుస్తారనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇక్కడ కథంతా అతనే చెబుతున్నాడు!

1997లో, 51 ఏళ్లకే పోయాడు. పిత్తాశయం ఆపరేషన్ తర్వాత గుండెపోటు. అది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. తర్వాత ఆ ట్యూన్‌నే మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాను.