కాలిబాట ఉన్న గ్రౌండ్‌లో క్రికెట్ టోర్నీ

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు గానీ, ఇటు బరంపురం నుంచి చికిటి దాకా గానీ, ఒడిశాలోని మన తెలుగు ఊళ్ళలో క్రికెట్ టోర్నీలు జోరందుకునేది వరికోతలు అయ్యాకనే. స్టేడియాలు ఎక్కడివి మనకి? కోసేసిన మళ్ళు, చెరువు కింద బీడు, హైస్కూలు వెనక ఖాళీ జాగా, ఏటి ఒడ్డున పర్ర. ఏ జాగా చూసినా దాంట్లోంచి ఓ కాలిబాట పోతూనే ఉంటుంది. చెరువుకి పోయేవాళ్ళు, సంతకి పోయేవాళ్ళు, పశువుల్ని తోలుకెళ్ళేవాళ్ళు ఏడాదంతా దానిమీదే నడుస్తారు. టోర్నీ ఉండేది నాలుగు రోజులు. మైకులో మాత్రం "గ్రౌండులోకి జనం వచ్చేస్తున్నారు, బుద్ధి లేదా" అని కేకలు. వాళ్ళ దారిలోకి పిచ్ తెచ్చి పెట్టింది మనం. ఈ మాట కమిటీ ముందే ఒప్పుకుంటే ఏర్పాట్లు సులువవుతాయి. లేదంటే నాలుగు రోజులూ మైకు పట్టుకుని తిట్టడమే పని.

ముందు బంతి సంగతి. గట్టిగా తగిలిన బంతి బ్యాట్ నుంచి సెకనుకు 30 మీటర్ల వేగంతో, అంటే గంటకు 108 కిలోమీటర్లతో బయల్దేరిందనుకోండి. పైకి లేచిన సిక్సర్ కింద పడడానికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది. ఆ లోపల మామూలుగా నడిచే మనిషి నాలుగైదు మీటర్లు ముందుకెళ్తాడు. కొట్టినప్పుడు ఖాళీగా ఉన్న చోట, బంతి దిగేసరికి మనిషి ఉండడం అందుకే. ఎత్తు లేవకుండా దూసుకుపోయే బంతి ఇంకా చెడ్డది. 50 మీటర్లు పోవడానికి దానికి రెండు సెకన్లు చాలు. లెదర్ బంతి 155.9 నుంచి 163 గ్రాములు ఉంటుంది. మామూలు టెన్నిస్ బంతి 60 గ్రాముల లోపే. హెవీ టెన్నిస్ ఈ రెంటికీ మధ్యది. టెన్నిస్ బంతికి పుర్రె పగలదు కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్ళు కన్ను సంగతి మర్చిపోతారు.

ఆ రెండు సెకన్లలో కేక ఏపాటి పనిచేస్తుంది? బంతి ఎటు పోతోందో ఫీల్డర్‌కి తెలియడానికి అర సెకను. వాడు అరిచాక, ఆ అరుపు తన గురించేనని నడిచే మనిషికి తట్టడానికి మరో సెకను. అప్పుడు ఆ మనిషి చేసే మొదటి పని కేక వచ్చిన వైపు తల తిప్పడం. వీపుకి తగలవలసిన బంతికి ముఖం ఎదురిచ్చినట్టు. గోల్ఫ్ ఆడేవాళ్ళకి ఇది బాగా తెలుసు. వాళ్ళ బంతి 45.93 గ్రాములకి మించకూడదు, చిన్నదే. కానీ పెద్ద ఆటగాళ్ళ డ్రైవర్ అనే పొడవాటి కర్ర నుంచి గంటకు 270 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. అందుకే హెచ్చరిక కేక వినబడితే చుట్టూ చూడకుండా, రెండు చేతులూ తలమీద కప్పుకుని వంగిపొమ్మని చెబుతారు. అయినా 2018లో పారిస్ దగ్గర జరిగిన రైడర్ కప్ గోల్ఫ్ పోటీలో బంతి తగిలి ఓ ప్రేక్షకురాలి కుడి కంటి చూపు పోయింది. కేక చాలాసార్లు వేశామని నిర్వాహకులు, తనకేమీ వినబడలేదని ఆవిడ. గోల్ఫ్ మర్యాదలో కేక కంటే ముందు వచ్చే నియమం వేరే ఉంది: బంతి అందే దూరంలో మనుషులు ఉంటే కొట్టకూడదు. మన గ్రౌండ్లకి తెచ్చుకోవలసింది అదే.

ఇక అసలు పని, పిచ్ ఎక్కడ వేయాలన్నది. ఉత్తర దక్షిణాలుగా వేయాలని అందరికీ తెలుసు, సాయంత్రం ఎండ బ్యాటర్ కళ్ళలో పడకుండా. చాలామంది అక్కడితో ఆగిపోతారు, బాట ఎటు ఉందో చూడరు. మన టెన్నిస్ బంతి టోర్నీల్లో చాలాచోట్ల బౌలింగంతా పిచ్ ఒకే ఎండ్ నుంచి, అంటే ఒకే కొస నుంచి. ఇది కలిసొచ్చే విషయం. బౌలర్ దక్షిణం నుంచి వస్తే, ఉత్తరాన నిలబడిన కుడిచేతి బ్యాటర్‌కి లెగ్ సైడ్, అంటే వీపు వైపు, తూర్పు అవుతుంది. మనవాళ్ళ కొట్టుడంతా మిడ్ వికెట్, లాంగ్ ఆన్ మీదుగానే కాబట్టి బంతులన్నీ తూర్పుకీ ఆగ్నేయానికీ పోతాయి. ఎడమచేతి వాటం వాడొస్తే అవే పడమరకీ నైరుతికీ మారతాయి. ఎవరు ఆడినా గాల్లో బంతి తక్కువగా పోయేది కీపర్ వెనక వైపు. వాస్తు చెప్పినట్టుంది గానీ, కుడిచేతి వాళ్ళే ఎక్కువ కాబట్టి కాలిబాటకి అన్నిటికంటే మంచి మూల వాయవ్యం, అంటే థర్డ్ మ్యాన్ వైపు. అటు బ్యాట్ అంచుకి తగిలిన ఎడ్జులు వెళ్తాయి, కాదనను. అవి ఎక్కువగా నేలమీద దొర్లుతూ పోతాయి, లేచినా కీపర్ నెత్తిన పడతాయి. బాట ఆ మూలకి వచ్చేలా పిచ్‌ని పది ఇరవై మీటర్లు జరపడమో, బౌలింగ్ ఎండ్ మార్చడమో ముందురోజు చేయగల పని. సున్నం గీతలు వేసి, బౌండరీ మోకు చుట్టేశాక ఎవరూ ఒప్పుకోరు.

రెండు ఎండ్‌ల నుంచీ ఆడితే ఈ లెక్క చెల్లదు. ఓవర్ మారినప్పుడల్లా లెగ్ సైడ్ అటుదిటు అవుతుంది. అలాంటప్పుడు బాటను గ్రౌండ్ బయటికి మళ్ళించక తప్పదు. కొట్టే వైపు బౌండరీ 50 మీటర్లే ఉన్నా, బాట బ్యాటర్ నుంచి 70 మీటర్లకి తక్కువ ఉండకూడదు, ఎందుకంటే సిక్సర్ బౌండరీ దగ్గర ఆగదు. కీపర్ వెనక వైపైతే మోకుకి పది పదిహేను మీటర్ల అవతల ఉన్నా ఫరవాలేదు.

మళ్ళించిన బాటలో జనం నడవకపోతే తప్పు జనానిది కాదు, బాటది. నెత్తిన కట్టెలమోపో నీళ్ళబిందో ఉన్న మనిషి గట్టు ఎక్కి దిగదు. వరి కొయ్యకాళ్ళు ఉత్త కాళ్ళలో గుచ్చుకుంటాయి. మధ్యలో కాలువ ఉంటే ముసలివాళ్ళు దాటలేరు. కాబట్టి కొత్త బాట కనీసం మీటరు వెడల్పున కొయ్యకాళ్ళు నేలమట్టానికి పారతో చెక్కేయాలి. గట్లు అడ్డొచ్చిన చోట రెండువైపులా మట్టి పోసి వాలు చేయాలి. కాలువ మీద తాటిదుంగ వేస్తే అది దొర్లకుండా రెండు కొసలూ మట్టిలో పూడ్చాలి. రెండు పక్కలా సున్నం, ఐదు మీటర్లకో వెదురు కర్ర, దానికో రంగు గుడ్డ. చుట్టు తిరుగుడు రెండు మూడు నిమిషాలు మించితే ఎంత బాగా వేసినా వృథా, పాత బాటలోంచే వస్తారు. ఇదంతా టోర్నీకి రెండు రోజుల ముందే అయిపోవాలి. అప్పుడు ఎన్నాళ్ళు ఇలా ఉంటుందో, తర్వాత పాత బాట ఎప్పుడు తెరుస్తారో వీధుల్లో దండోరా వేయించాలి. పక్క ఊరికీ, సంతకి దిగి వచ్చే కొండమీది సవర పల్లెలకీ కబురు పెట్టాలి. మన ఊళ్ళో వేసిన దండోరా వాళ్ళకి వినబడదు కదా.

మళ్ళించడం కుదరనే కుదరకపోతే, బాట గ్రౌండులోకి వచ్చే రెండు చోట్లా మనుషుల్ని పెట్టాలి, చెరో ఇద్దరు. పదేళ్ళ గుంటల్ని పెడుతుంటారు, వాళ్ళ మాట ఎవరు వింటారు? వాళ్ళ కళ్ళు కూడా ఆటమీదే ఉంటాయి. ఊళ్ళో వరసలు తెలిసిన మనిషి కావాలి. "పిన్నీ, ఒక్క ఓవర్ ఆగు" అంటే ఆగుతుంది. "ఏయ్, ఆగు" అంటే ఆగకుండా పోతుంది, పోవాలి కూడా. ఒడియా వాళ్ళకి ఒడియాలో చెప్పగలిగితే మరీ మంచిది. దూరంనుంచి మాటలకంటే విజిల్ నయం: ఒక్క పొడుగు విజిల్ వేస్తే బౌలర్‌తో సహా అందరూ ఆగాలి, అంతే.

దాటించడం ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్యనే. ఓవర్ మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి ఎవరూ అంతకంటే ఆగక్కర్లేదు. ఇక్కడ చేసే పొరపాటు ఒకటుంది. 90 మీటర్ల గ్రౌండ్ దాటడానికి నడిచే మనిషికి 70 సెకన్లు పడుతుంది. ఒకే ఎండ్ ఆటలో ఓవర్ల మధ్య విరామం అంత ఉండదు. మనిషి సగంలో ఉండగానే కొత్త బౌలర్ పరుగు మొదలెడతాడు. కాబట్టి కాపలా మనిషి చేతిలో ఎర్ర జెండా ఉండాలి, అది పైకి ఉన్నంతసేపూ అంపైర్ బంతి వేయనివ్వకూడదు. స్క్వేర్ లెగ్ అంపైర్‌కి వేరే పని తక్కువ, ఆ జెండా చూసే బాధ్యత ఆయనకి అప్పగించండి. నెత్తిన బరువున్నవాళ్ళని, చంకలో పిల్లలున్నవాళ్ళని ఓవర్ దాకా ఆపడం నాకు సబబుగా తోచదు. అప్పటికప్పుడు జెండా ఎత్తి పంపేయాలి. ఓ నిమిషం పోతే టోర్నీ పోదు.

నడిచేవాళ్ళ సంగతి ఇంతయితే, చూసేవాళ్ళది ఇంకోటి. వాళ్ళు అటూ ఇటూ పోరు గానీ జానెడు జానెడు ముందుకి జరుగుతారు. పెద్ద మ్యాచ్‌ల్లో బౌండరీ తాడు కంచెకి కనీసం 3 గజాల లోపల ఉండాలి, అంటే 2.74 మీటర్లు. మనమూ మోకుకి మూడు మీటర్ల అవతల ఇంకో సున్నం గీత వేసి, దాని వెనకే కూర్చోబెట్టాలి. క్యాచ్ కోసం పైకి చూస్తూ వెనక్కి పరిగెత్తే ఫీల్డర్‌కి ఆ మూడు మీటర్లే ఆధారం. ఇనప మేకులు, సైకిళ్ళు, బైకులు ఆ జాగాలో ఉండకూడదు. బజ్జీల బండి ఎక్కడ పెట్టారన్నది ఎవరూ అడగరు. మిడ్ వికెట్ బౌండరీ దగ్గర జనం ఎక్కువని బేరానికి అక్కడే పెడతారు. మరుగుతున్న నూనె మూకుడులో బంతి పడితే కాలేది నలుగురైదుగురు. బండిని టెంటు వెనక్కి, టెంటునీ స్కోరర్ బల్లనీ కీపర్ వెనక మూలకి పంపాలి. బంతి తేవడానికి గుంటలు పరిగెత్తే వైపు నేలబావి గానీ రోడ్డు గానీ ఉంటే, ఆ పని ఇద్దరు పెద్దవాళ్ళకి ఒప్పజెప్పి తక్కినవాళ్ళని కదలొద్దనాలి.

బౌలర్ వెనకనుంచి మనుషులు కదలడం వేరే తలనొప్పి. బ్యాటర్‌కి బంతి కనబడదు. బంతి ఆడబోయే ముందు కదలిక వల్ల చూపు చెదిరిందని పక్కకి తప్పుకుంటే అంపైర్ డెడ్ బాల్ ఇవ్వొచ్చు, అంటే ఆ బంతికి ఆట అక్కడితో ఆగినట్టే. ఆడేసి బౌల్డ్ అయ్యాక గొడవ పడితే లాభం లేదు. ఆ వైపు తెల్లగుడ్డ కట్టి, దాని ముందునుంచి ఎవరూ పోకుండా చూడడమే మందు.

నిబంధనల్లో ఇంకోటి ఇప్పటికీ చాలామంది అంపైర్లకి తెలియదు. 2022 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఎంసీసీ (క్రికెట్ నిబంధనలు రాసే క్లబ్బు) సవరణ ప్రకారం, మైదానంలోకి వచ్చిన మనిషి వల్ల గానీ జంతువు వల్ల గానీ వస్తువు వల్ల గానీ ఏ జట్టుకైనా నష్టం జరిగితే డెడ్ బాల్ ఇవ్వాలి. ఆవుకి తగిలి ఆగిన బంతికి ఎన్ని పరుగులన్న కొట్లాట అక్కడితో తీరిపోవాలి. బయటివాడు బంతి పట్టుకుంటే నాలుగివ్వాలా మానాలా అన్నది అంపైర్ నిర్ణయమని టాస్‌కి ముందే ఇద్దరు కెప్టెన్లకీ చెప్పెయ్యండి. దారినపోయే మనిషికి దెబ్బ తగిలితే మాత్రం పరుగుల లెక్క తర్వాత, ముందు ఆట ఆగాలి.

బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకి రెండు పాత ఇంగ్లండ్ తీర్పులు పక్కపక్కన పెట్టి చూడదగ్గవి. 1951 నాటి బోల్టన్ వర్సెస్ స్టోన్ కేసులో క్రికెట్ బంతి గ్రౌండ్ దాటి రోడ్డుమీద ఓ మహిళకి తగిలింది. దాదాపు ముప్పై ఏళ్ళలో బంతి అలా రోడ్డుమీదికి పోయింది ఆరుసార్ల వరకే కాబట్టి క్లబ్బుది తప్పు కాదన్నారు. 1922 నాటి గోల్ఫ్ కేసులో మాత్రం బంతులు తరచుగా రోడ్డుమీద పడుతూనే ఉన్నాయి, ఓ టాక్సీ డ్రైవర్ కన్ను పోయింది. అక్కడ క్లబ్బుదే తప్పన్నారు. రోజూ జనం నడిచే బాట మీదికి గంటకో సిక్సర్ కొట్టే మనం ఈ రెండింట్లో ఎటు చేరతామో కమిటీవాళ్ళు ఆలోచించుకోవాలి.

దెబ్బ తగిలాక చేయవలసినవి: తలకి తగిలితే మనిషి లేచి నవ్వినా ఒంటరిగా పంపొద్దు. వాంతులు, మత్తు, పెరిగే తలనొప్పి, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటి ద్రవం, ఒక కంటిపాప పెద్దదవడం, ఫిట్స్, వీటిలో ఏది కనబడినా వెంటనే ఆసుపత్రికి. కంటికి తగిలితే రుద్దకూడదు, నొక్కకూడదు, ఐసు అదిమిపెట్టకూడదు. టీ తాగే కాగితం కప్పు కంటికి తగలకుండా బోర్లించి టేపు వేసి తీసుకెళ్ళాలి. బరంపురం చుట్టుపక్కలైతే ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. 108 రెండు రాష్ట్రాల్లోనూ పనిచేస్తుంది గానీ, సరిహద్దులో ఫోన్ అవతలి టవర్ పట్టుకుంటే కాల్ ఆంధ్రా వాళ్ళకి వెళ్ళొచ్చు. అందుకని ముందు రాష్ట్రం, తర్వాత జిల్లా, బ్లాకు, ఊరు, ఈ వరసలో చెప్పండి. ఆ నాలుగు మాటలూ కాగితం మీద రాసి స్కోరర్ బల్లకి అంటించాలి. ఎవరిదో ఒక కారు గ్రౌండ్ బయట, దారి మూసుకుపోకుండా ఉంచడం ఇంకా నమ్మకం.

చివరగా వేళలు. ఫైనల్‌ని నాలుగింటికి పెట్టడం మనకి అలవాటు, ముఖ్య అతిథి అప్పుడే వస్తాడని. డిసెంబరులో ఇక్కడ ఐదు దాటీ దాటగానే పొద్దు గుంకుతుంది. పశువులు ఇంటికి మళ్ళేదీ, కూలిపనుల నుంచి ఆడవాళ్ళు తిరిగొచ్చేదీ సరిగ్గా అప్పుడే. కోతలయ్యాక పశువుల్ని వదిలేస్తారు కాబట్టి వాటి వెనక కాపరి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మసక వెలుతురు, చివరి ఓవర్ల బాదుడు, బాటనిండా జనం, మూడూ ఒకేసారి కూడతాయి. ఫైనల్ ఒంటిగంటకి మొదలుపెట్టి మూడున్నరకల్లా ముగించండి. అతిథి ఆలస్యంగా వస్తే బహుమతులు దీపాల వెలుతురులోనైనా ఇవ్వొచ్చు.