ఎల్క్ వేటకి ముందు నెల చూసుకోండి, రాష్ట్రం తర్వాత

గైడ్ లేకుండా సొంతంగా ఎల్క్ (అమెరికా కొండల్లో ఉండే పెద్ద దుప్పి జాతి జంతువు) వేటకి వెళ్దామనుకుంటున్నాం, ఏ రాష్ట్రం మంచిది అని ఎవరైనా అడిగితే నేను ముందు ఒకటే అడుగుతాను: మీకు ఏ నెలలో సెలవు దొరుకుతుంది? అందరూ రాష్ట్రంతోనే మొదలుపెడతారు. కొలరాడోలో దాదాపు 3 లక్షల ఎల్క్ ఉన్నాయి, అమెరికాలో ఇంకెక్కడా అన్ని లేవు, కాబట్టి అక్కడికే పోదాం అనుకుంటారు. ఎల్క్ ఏడాదంతా ఒకే చోట ఉండే జంతువైతే ఈ లెక్క సరిపోయేది. సెప్టెంబర్‌లో 10,500 అడుగుల ఎత్తున అరుస్తూ తిరిగిన మగ ఎల్క్ నవంబర్ చివరికి అక్కడ ఉండకపోవచ్చు. అదే కొండ, అదే యూనిట్ (వేట కోసం రాష్ట్రం హద్దులు గీసిన ప్రాంతం), కానీ రెండు నెలల తేడాలో అది పూర్తిగా వేరే వేట. అందుకే ఎక్కడ, ఎప్పుడు అన్నవి నా దృష్టిలో ఒకే ప్రశ్న, దాన్ని ఎప్పుడు అన్న వైపు నుంచి విప్పుకుంటూ రావాలి.

సెప్టెంబర్ గురించి ముందు చెప్తాను, ఎందుకంటే నాకు అన్నిటికంటే ఇష్టమైన నెల అదే. అది జత కట్టే కాలం. నెల మధ్య నుంచి చివరి వరకు మగవి ఆడవాటిని మందగా పోగేసుకుని, పోటీకి వచ్చే మగవాటిని తరుముతూ బ్యూగుల్ చేస్తాయి. ఈల వేసినట్టు మొదలై గొంతు బరువెక్కి ముగిసే ఆ అరుపు ఒక్కసారి దగ్గర నుంచి వింటే ఇక ప్రతి సెప్టెంబర్ అక్కడే ఉండాలనిపిస్తుంది. ఎల్క్ తనే అరిచి తనెక్కడుందో చెప్పే కాలం ఇదొక్కటే. అయితే చాలాచోట్ల ఈ సమయం విల్లుతో వేటాడేవాళ్ళదే, అంటే 30, 40 గజాల్లోపు వెళ్ళాలి, గాలి ఒక్కసారి మీ వీపు మీదుగా తిరిగితే చాలు, మీ వాసన తగిలి మంద మొత్తం లోయ దాటిపోతుంది. మోంటానాలో బాబ్ మార్షల్ లాంటి మారుమూల అడవుల్లో కొన్ని చోట్ల, ఐడహోలో సెల్వే, మిడిల్ ఫోర్క్ జోన్లలో సెప్టెంబర్ మధ్య నుంచే రైఫిల్ కూడా అనుమతిస్తారు. వినడానికి బాగానే ఉంటుంది కానీ అవి గుర్రాలూ కంచరగాడిదలూ ఉన్నవాళ్ళకి సరిపోయే చోట్లు.

సెప్టెంబర్‌లో ఇంకో సమస్య వేడి. ఎండ ఉన్న మధ్యాహ్నం 25 డిగ్రీలు దాటడం మామూలే, అంత పెద్ద జంతువు ఒళ్ళు లోపల చల్లబడటానికి చాలాసేపు పడుతుంది, తొడ ఎముక చుట్టూ ఉన్న మాంసం ముందు పాడవుతుంది. చర్మం వెంటనే తీసి, కాళ్ళు విడదీసి, నీడలో గాలి తగిలేలా వేలాడదీయాలి, వీలైతే ఎముక కూడా తీసేయాలి. ఈ పని మీ వల్ల ఎంతసేపట్లో అవుతుందో, అక్కడి నుంచి బండి ఎంత దూరమో, అదే మీరు ఎంత లోపలికి వెళ్ళొచ్చో తేలుస్తుంది.

అక్టోబర్ మధ్యలో రైఫిల్ సీజన్లు మొదలవుతాయి, అప్పటికి మగవి బాగా అలిసిపోయి ఒళ్ళు తగ్గి ఉంటాయి. మంద వదిలేసి, నీళ్ళు, గడ్డి, పడుకునే చోటు అన్నీ దగ్గర దగ్గరగా దొరికే ఏదో మూలకి చేరి, రోజంతా దట్టమైన స్ప్రూస్ చెట్ల మధ్య, ఎక్కువగా ఉత్తరం వైపు వాలుల్లో గడుపుతాయి. అరుపు పెద్దగా ఉండదు. పొద్దున్నే వెలుతురు రాకముందే ఎత్తైన చోట కూర్చుని బైనాక్యులర్‌తో చుట్టూ వెతకడమే పని. నన్నడిగితే అన్నిటికంటే కష్టమైన కాలం ఇదే, మరి కొలరాడోలో ఎక్కువమంది బయటి రాష్ట్రాల వాళ్ళు వచ్చేది కూడా అక్టోబర్ చివరిలో వచ్చే రెండో రైఫిల్ సీజన్‌కే. నవంబర్‌లో మంచు లోతుగా పడితే ఆట మారుతుంది. మోకాలు దాటే మంచులో గడ్డి తవ్వుకోవడం వాటికీ కష్టమే కాబట్టి మందలు కిందికి, గాలికి మంచు కొట్టుకుపోయే దక్షిణం వైపు వాలుల్లోకి, సేజ్ పొదల్లోకి, జూనిపర్ అడవుల్లోకి దిగుతాయి. అప్పుడు దూరం నుంచే కనిపిస్తాయి. మంచు పడకపోతే మాత్రం కింద క్యాంపు వేసుకున్నవాళ్ళు ఖాళీ కొండల్ని చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. అందుకే నవంబర్ వేటకి ఒక పై ప్లాన్, ఒక కింద ప్లాన్ రెండూ మ్యాప్ మీద గీసుకుని వెళ్ళండి. పౌర్ణమి ఏ రోజు పడింది అని సెలవులు మార్చుకునేవాళ్ళని చూశాను, నా లెక్కలో వాతావరణం ముందు చంద్రుడు ఏ మూలకీ రాడు.

నెల తేలాక ట్యాగ్ సంగతి, అంటే ఒక ఎల్క్‌ని వేటాడటానికి రాష్ట్రం ఇచ్చే అనుమతి. ఇక్కడే చాలామంది ఏడాది పోగొట్టుకుంటారు, ఎందుకంటే శరదృతువు వేటకి దరఖాస్తులు చలికాలం నుంచి ఏప్రిల్ మొదట్లోపే అయిపోతాయి. ఐడహో బయటివాళ్ళకి ఇదివరకు ముందు వచ్చినవాళ్ళకి ముందు అన్నట్టు ట్యాగులు అమ్మేది, 2026 సీజన్ నుంచి మామూలు ట్యాగులకి కూడా డ్రా (లాటరీ) పెట్టింది, దాని దరఖాస్తు అంతకు ముందు డిసెంబర్‌లోనే. వయోమింగ్, అరిజోనా ఫిబ్రవరి మొదట్లో, న్యూ మెక్సికో మార్చిలో, మోంటానా ఏప్రిల్ 1న, కొలరాడో ఏప్రిల్ మొదటి వారంలో ముగుస్తాయి. తేదీలు ఒక్కోసారి అటూ ఇటూ జరుగుతాయి, రాష్ట్ర వన్యప్రాణి శాఖ సైట్‌లో చూసి ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

వీటిలో ఒక్కో రాష్ట్రం పద్ధతి ఒక్కోటి. న్యూ మెక్సికోలో పాయింట్లే (డ్రాలో ట్యాగ్ రానివాళ్ళకి ఏటా చేరుతూ తర్వాతి అవకాశం పెంచేవి) లేవు, మొదటిసారి వేసినవాడికీ ఇరవై ఏళ్ళుగా వేస్తున్నవాడికీ ఒకే అవకాశం, కాకపోతే గైడ్ లేని బయటి రాష్ట్రాల వాళ్ళకి కేటాయించింది 6 శాతమే. అరిజోనా, నెవాడాల్లో పాయింట్లు పోగవ్వాలి, మంచి యూనిట్‌కి చాలా ఏళ్ళు. కొలరాడోలో కూడా పేరున్న యూనిట్లకి అంతే, పైగా మీరు ఏడాదికి ఒక పాయింట్ పోగేసుకుంటుంటే కావాల్సిన పాయింట్లు కూడా పెరుగుతూ పోతాయి. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: గొప్ప కొమ్ముల యూనిట్ కోసం పదిహేనేళ్ళు ఇంట్లో కూర్చుని, మొదటిసారి అక్కడికి వెళ్ళి ఎల్క్ ఎలా కదులుతుందో నేర్చుకోవడం మొదలుపెట్టొద్దు. ఆ ట్యాగ్ వచ్చేనాటికి మీకు అడవి తెలిసి ఉండాలి. ఈలోగా ఏటా వెళ్ళగలిగే మామూలు యూనిట్ ఒకటి పట్టుకోండి.

కొలరాడోలో రెండో, మూడో రైఫిల్ సీజన్లకి చాలా యూనిట్లలో మగ ఎల్క్ ట్యాగ్ డ్రా లేకుండా కొనుక్కోవచ్చు, ధర 800 డాలర్ల చుట్టుపక్కల. విల్లు ట్యాగులు కూడా ఇలాగే దొరికేవి కానీ బయటివాళ్ళకి 2025 నుంచి డ్రాలోకి మార్చారు, పాత సమాచారం నమ్ముకుని ప్లాన్ వేసుకోకండి. యూటాలో కూడా కొన్ని ట్యాగులు వేసవిలో నేరుగా అమ్ముతారు. ఆడ ఎల్క్ ట్యాగ్‌ని మాత్రం తక్కువ చేయొద్దు. డ్రాలో తేలిగ్గా వస్తుంది, చాలాచోట్ల ఖర్చు తక్కువ, మాంసం మగదానికంటే మెత్తగా, రుచిగా ఉంటుంది, పైగా మంద ఎలా కదులుతుంది, గాలి ఎలా చూసుకోవాలి, కోయడం, మోయడం అన్నీ అందులోనే నేర్చుకోవచ్చు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఇదే.

వయోమింగ్‌లో ఒక నియమం ఉంది, సొంతంగా వెళ్ళేవాళ్ళు దాన్ని ముందే తెలుసుకోవాలి: బయటి రాష్ట్రం వాళ్ళు అక్కడి విల్డర్‌నెస్ ప్రాంతాల్లో (రోడ్లూ మోటారు బండ్లూ లేకుండా చట్టం కాపాడే అడవుల్లో) పెద్ద జంతువుల్ని వేటాడాలంటే లైసెన్స్ ఉన్న గైడ్ గానీ, ప్రత్యేక అనుమతి తీసుకున్న స్థానికుడు గానీ తోడుండాలి. ట్యాగ్ వచ్చాక మ్యాప్ తెరిచి యూనిట్‌లో సగం విల్డర్‌నెస్ అని చూసుకుంటే లాభం లేదు. ఆ రాష్ట్రం వాయవ్య మూలలో, మోంటానాలో, ఐడహోలో కొంత భాగంలో గ్రిజ్లీ ఎలుగులు తిరుగుతాయి. అక్కడ ఒంటరిగా వెళ్ళొద్దు, బేర్ స్ప్రే బ్యాగ్‌లో కాదు నడుం మీద ఉండాలి, మాంసాన్ని కోసిన చోట వదలకుండా దూరంగా, బాగా కనబడే చోట వేలాడదీయాలి. మొదటి వేటకి గ్రిజ్లీలు లేని కొలరాడో, న్యూ మెక్సికో నయం.

ఇక యూనిట్ లోపల ఎక్కడ? ఎల్క్ ఎన్ని ఉన్నాయన్నదానికంటే మనుషులు ఎక్కడ లేరన్నది చూడండి. ఒరెగాన్‌లోని స్టార్కీ ప్రయోగ అడవిలో దశాబ్దాలుగా చేసిన అధ్యయనాల్లో తేలిందేమిటంటే బండ్లు తిరిగే రోడ్లకి ఎల్క్ దూరంగా ఉంటాయి. అందుకని అటవీ శాఖ ఇచ్చే మోటారు వాహనాల మ్యాప్ తీసుకుని రోడ్లన్నీ చూసి, వాటికి దూరంగా ఉన్న నీళ్ళు, గడ్డి మైదానం, ఉత్తరం వాలు మూడూ కలిసే చోట్లు గుర్తుపెట్టండి. అలాగని ప్రతిసారీ పది కిలోమీటర్లు లోపలికే పోనక్కర్లేదు. రోడ్డు నుంచి నిట్టనిలువుగా కిందికి దిగే చిన్న లోయ, పడిపోయిన చెట్లతో నడవడానికే విసుగొచ్చే చోటు, అందరూ ట్రైల్‌హెడ్ (నడక దారి మొదలయ్యే చోటు) వైపు పోతుంటే వదిలేసే ముక్క, అలాంటి చోట నేను చూసినన్ని తాజా అడుగులు ఎంతో దూరం నడిచి వెళ్ళిన మైదానాల్లో చూడలేదు.

కాలిపోయిన అడవులు కూడా చూడండి. మంటల తర్వాత కొన్నేళ్ళకి అక్కడ లేత గడ్డి, ఆస్పెన్ మొక్కలు లేస్తాయి, ఎల్క్ వాటి కోసం వస్తాయి. 2020లో కొలరాడోలో కేమరాన్ పీక్ మంట ఒక్కటే 2 లక్షల ఎకరాలు దాటింది. గాలి రోజుల్లో మాత్రం ఆ ఎండు మానుల కింద టెంట్ వేయకండి. అలాగే గత చలికాలం ఎలా గడిచిందో కనుక్కోండి. 2022-23 చలి కొలరాడో వాయవ్యంలో ఎల్క్‌ని, దుప్పుల్ని బాగా దెబ్బతీసింది, శాఖ ట్యాగులు గట్టిగా కోసేసింది. ఏ యూనిట్‌లో ఎంతమంది వేటాడారు, ఎంతమందికి దొరికింది అన్నది ప్రతి రాష్ట్రం ఏటా ప్రచురిస్తుంది, అది చదవండి. మామూలు యూనిట్లలో పదిమందిలో ఒకరిద్దరికి దొరికితే గొప్ప, ఆ అంకె తెలిసి వెళ్తే రెండో రోజే టెన్షన్ పడి చోటు మార్చాలనిపించదు.

ప్రైవేటు భూమి హద్దులు చూపించే ఆన్‌ఎక్స్ లాంటి యాప్‌లో మ్యాప్‌లు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, కొండల్లో సిగ్నల్ ఉండదు. పబ్లిక్ భూమి, ప్రైవేటు భూమి చదరంగం గళ్ళలా కలిసి ఉన్నచోట ఒక పబ్లిక్ గడి మూల నుంచి ఇంకో పబ్లిక్ గడి మూలకి దాటడం గురించి 2025 మార్చిలో ఫెడరల్ అప్పీల్ కోర్టు వేటగాళ్ళ వైపు తీర్పిచ్చింది, అది వయోమింగ్, కొలరాడో, యూటా, న్యూ మెక్సికోలకి వర్తిస్తుంది. మోంటానా ఆ కోర్టు పరిధిలోకి రాదు, అక్కడి అధికారులు ఇప్పటికీ అది చట్టవిరుద్ధమే అంటున్నారు.

వీసా మీద ఉన్న మనవాళ్ళకి ఒక మాట: హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ పట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం, చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ నిషేధం లేదు. తుపాకీ ముట్టుకునే ముందే లాయర్‌తో మాట్లాడి కాగితాలు సరిచూసుకోండి. హంటర్ ఎడ్యుకేషన్ (వేట భద్రత శిక్షణ) సర్టిఫికెట్ కూడా దరఖాస్తుకి ముందే అవగొట్టండి, కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి మామూలుగా అది లేకుండా లైసెన్స్ రాదు.

చివరికి మీ ఒంటి లెక్క. పెద్ద మగదాని నుంచి ఎముక తీసేశాక కూడా దాదాపు వంద కిలోల మాంసం వస్తుంది. మనిషి పాతిక కిలోలు మోస్తాడనుకుంటే నాలుగు విడతలు. బండి నుంచి 5 కిలోమీటర్ల దూరంలో కొట్టారంటే ఒక్కరే మోస్తే 35 కిలోమీటర్ల నడక, అందులో 20 బరువుతో, అదీ 10,000 అడుగుల ఎత్తున, దారి లేని చోట. ఇద్దరుంటే ఒక్కొక్కరికి 15, అందులో 10 బరువుతో. కాబట్టి మ్యాప్ మీద పెట్టుకున్న ప్రతి చుక్క పక్కన బండి నుంచి దూరం, ఎక్కుడు ఎంత, ఎంతమంది ఉంటాం అన్నవి రాసుకుని, సెప్టెంబర్ ఎండలో ఆ మాంసం పాడవకుండా దించలేం అనిపించిన చుక్కల్ని కొట్టేయండి, అవే చుక్కలు నవంబర్ చలిలో పనికిరావచ్చు. ఎత్తుకి ఒళ్ళు అలవాటుపడటానికి సీజన్ మొదలవ్వడానికి రెండు మూడు రోజుల ముందే చేరుకోండి, ఆ రోజుల్లో తుపాకీ లేకుండా బైనాక్యులర్‌తో తిరగండి. ఆ మొదటి ఏడాది ఏమీ దొరక్కపోయినా రెండో ఏడాది యూనిట్ మార్చకండి.