ఫ్రెంచ్ ఇమ్మర్షన్‌లో మా వాడి ఫస్ట్ టర్మ్ - నా అనుభవం

నిన్న సాయంత్రం మా వాడి టర్మ్ 1 రిపోర్ట్ కార్డు వచ్చింది. ఫ్రెంచ్ లిజనింగ్ బి ప్లస్, స్పీకింగ్ బి, రీడింగ్ సి ప్లస్. ఒకటో క్లాసు పిల్లాడి గ్రేడ్లకి ఇంత బిల్డప్ ఎందుకు అనుకోకండి, నవంబర్‌లో ఇదే స్కూల్లో వీణ్ణి ఫ్రెంచ్ ఇమ్మర్షన్ నుంచి, అంటే పాఠాలే ఫ్రెంచ్‌లో చెప్పే ప్రోగ్రాం నుంచి, తీసేసుకోమన్నారు. వచ్చే ఏడాది చేర్పిద్దాం అనుకుంటున్న మన వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా, నా కడుపు మంట తీర్చుకోడానికి కూడా.

మేముండేది కెనడాలో, ఒంటారియోలో, టొరంటో పక్కన. అప్లికేషన్ అంతా ఆన్‌లైన్, సీట్లు తక్కువ కాబట్టి లాటరీ తీశారు, పేరొచ్చింది, దాని గురించి చెప్పేదేం లేదు. మా స్కూల్లో సగం రోజు ఫ్రెంచ్, సగం రోజు ఇంగ్లిష్. కొన్ని స్కూల్ బోర్డుల్లో చిన్న క్లాసులు మొత్తం ఫ్రెంచే, అది కనుక్కుని అప్లై చేయండి. మా వాట్సాప్ గ్రూపులో సగం మంది ఫ్రెంచ్ వస్తే రాజధాని ఒట్టావాలో గవర్నమెంట్ జాబ్ పక్కా అన్నారు. ఆరేళ్ళ పిల్లాడికి అప్పుడే జాబ్ చూసేస్తారు, మన వాళ్ళు మారరు.

సెప్టెంబర్ బానే గడిచింది. పొద్దున్నే పిల్లల్ని క్యాలెండర్ ముందు కూర్చోబెట్టి ఇవాళ ఏ వారం, రేపు ఏ వారం, బయట ఎండా వానా అని ఫ్రెంచ్‌లో అడిగేవాళ్ళు, రంగులు, అంకెలు, ఒంట్లో భాగాలు అన్నీ పాటలతోనే. అక్టోబర్‌లో క్లాస్ టీచర్ మెటర్నిటీ లీవ్‌కి వెళ్ళింది, అక్కడ మొదలైంది. ఒంటారియో అంతా ఫ్రెంచ్ టీచర్ల కొరతే, లీవులో ఉన్నవాళ్ళ బదులు వచ్చే సప్లై టీచర్లు మారుతూనే ఉన్నారు, ఒకరి పేరు మా వాడి నోట్లో తిరిగేలోపు ఇంకొకరు.

నవంబర్‌లో ప్రోగ్రెస్ రిపోర్ట్ ఇస్తారు. అందులో గ్రేడ్లుండవు, మూడు గళ్ళుంటాయి. మా వాడికి ఫ్రెంచ్‌లో 'ప్రోగ్రెసింగ్ విత్ డిఫికల్టీ', అంటే కష్టమ్మీద నేర్చుకుంటున్నాడు అన్న గడిలో టిక్కు పెట్టి మీటింగ్‌కి రమ్మన్నారు. మా ఆయనకి షిఫ్టు, నేనొక్కదాన్నే వెళ్ళా.

పిల్లలు కూర్చునే నీలం ప్లాస్టిక్ కుర్చీ వేశారు నాకు, మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు, ఒళ్ళో ఆ బరువు వింటర్ కోటు. ఎదురుగా టీచర్, ఆవిడ పక్కన ఫైలు పట్టుకుని ఇంకొకావిడ, ఎవరో చెప్పలేదు, నేనడిగే సందూ ఇవ్వలేదు. మొదటి ప్రశ్నే ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని. తెలుగు అన్నా. స్పెల్లింగ్ అడిగి రాసుకుంది. రాసుకున్నాక ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు చూడండి, ఆ చూపు నాకింకా గుర్తుంది. మూడు భాషలంటే పసివాడికి బరువు కదా, ఇంగ్లిష్ క్లాసుకి మారిస్తే హాయిగా ఉంటాడు, ఈలోపు ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడండి అని, అదీ ఎలా, ఒక్కో మాటా విడదీసి, చేతులు ఊపుతూ, నాకు చెవుడేమో అన్నట్టు. నేనిక్కడ బ్యాంకులో రోజంతా కస్టమర్లతో ఇంగ్లిష్‌లోనే మాట్లాడి జీతం తెచ్చుకుంటున్నా.

సరే వాడు రాసింది ఏదైనా చూపించండి అన్నా. ఫోల్డర్‌లో ఒకే ఒక్క వర్క్‌షీట్. మనిషి బొమ్మ, చెయ్యి, కాలు, ముక్కు, చెవి, గీతలు గీసి పక్కన ఫ్రెంచ్‌లో పేర్లు. చెవి తప్ప అన్నీ కరెక్ట్. మరి ఇది వచ్చు కదా అంటే, రాస్తాడు గానీ క్లాసులో నోరు విప్పడు అంది. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది, ఇంకో మాట మాట్లాడితే ఏడ్చేస్తానని లేచి వచ్చేశా.

అసలు మంట ఎక్కడంటే కారిడార్లో. వీడి క్లాస్‌మేట్ వాళ్ళమ్మ కనపడింది, తెల్లావిడ, ఇంట్లో ఇంగ్లిష్ ఒక్కటే. వాళ్ళ పిల్లాడికీ అదే గడిలో టిక్కు, వాడూ నోరు విప్పడట. ఆవిడకి ఏం చెప్పారో తెలుసా, మొదటి ఏడాది పిల్లలు మాట్లాడకుండా వింటూ ఉండటం మామూలే, కంగారు పడకండి, ఆడియో బుక్స్ పెట్టండి అని! అదే టీచర్, అదే సాయంత్రం.

ఇంటికొచ్చి చెప్తే మా అత్తయ్యగారు, ఆరు నెలలకని తెనాలి నుంచి వచ్చారు, "మరి వాడు నాతో ఏ భాషలో మాట్లాడాలంటమ్మాయ్?" అన్నారు. ఆ మాటతో నాకు పట్టుదల వచ్చింది.

చదవడం మొదలెట్టా. ఈ ఇమ్మర్షన్ పుట్టిందే 1965లో, మాంట్రియల్ దగ్గర సెయింట్ లాంబర్ట్‌లో, ఇంగ్లిష్ మాట్లాడే తల్లిదండ్రులు గొడవ చేసి పెట్టించుకున్న 26 మంది పిల్లల క్లాసు. ఇళ్ళల్లో ఫ్రెంచ్ లేని పిల్లల కోసమే పెట్టింది ఇది, మరి ఇంట్లో ఇంగ్లిష్ బదులు తెలుగు ఉంటే వీళ్ళకేం నొప్పి? ఆ పిల్లల్ని మెక్‌గిల్ యూనివర్సిటీ ప్రొఫెసర్లు ఏళ్ళ తరబడి పరీక్షించి ఇంగ్లిష్ ఏం దెబ్బతినలేదని తేల్చారు కూడా. దానికంటే పనికొచ్చింది ఇంకోటి దొరికింది. ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లల్ని కూడా ఫ్రెంచ్ ప్రోగ్రాముల్లోకి ఎలా కలుపుకోవాలో చెప్తూ ఒంటారియో ఎడ్యుకేషన్ మినిస్ట్రీ 2016లో ఒక గైడ్ వేసింది. మా వాడికి ఇంగ్లిష్ గడగడా వచ్చు, అయినా వాళ్ళ మినిస్ట్రీ మాటే వాళ్ళకి చూపిద్దామని ప్రిన్సిపాల్‌కి మెయిల్ పెట్టా, దాని లింకుతో. మీరు మార్చమంటున్న కారణం రాతపూర్వకంగా ఇవ్వండి అని ఒక్క లైను.

రాతపూర్వకంగా ఏమీ రాలేదు. ఫోన్ వచ్చింది, చాలా తియ్యగా. ఫిబ్రవరి దాకా చూద్దాం, తొందరేం లేదు అన్నారు. అందుకే చెప్తున్నా, స్కూల్ వాళ్ళతో నోటి మాటలు వద్దు, ఏదున్నా మెయిల్లోనే. మన వాళ్ళు టీచర్ అనగానే తలూపి వచ్చేస్తారు, ఆ తలూపుడే వాళ్ళకి అలుసు.

జనవరిలో పర్మనెంట్ టీచర్ వచ్చింది, మొరాకో ఆవిడ, ఇంట్లో అరబిక్ మాట్లాడుకుంటూ పెరిగిందట. వారం తిరక్కుండా ఫోన్ చేసి మీ వాడు ఆటల మూల దగ్గర ఫ్రెంచ్‌లో కబుర్లు చెప్తున్నాడు, అందరి ముందు నిలబెడితేనే భయం అంది. ఇంకో మాట కూడా అంది, త, ద, ప పలకడంలో ఇంగ్లిష్ పిల్లల కన్నా వీడిదే ఫ్రెంచ్‌కి దగ్గరగా ఉందట. ఫ్రెంచ్ వాళ్ళు కూడా త, ద మనలాగే పళ్ళకి నాలుక తగిలించి పలుకుతారు. ఇంట్లో తెలుగు మానేయమన్న వాళ్ళకి ఇది వినిపించాలి!

ఈ నెల స్కూల్లో క్యూబెక్ కార్నివాల్ (అక్కడి చలికాలం పండగ) వారం చేశారు, దాని గుర్తు బొన్నామ్ అని మంచు మనిషి, వాడికి ఎర్ర టోపీ, నడుముకి కాగితం పట్టీలతో అల్లిన ఎర్ర దట్టీ. స్కూల్ నూరో రోజుకి వంద వస్తువులు తెమ్మన్నారు. పల్లీలు పంపకూడదు, అలర్జీ రూలు, అందుకని అత్తయ్యగారు కాబూలీ సెనగలు పదేసి చొప్పున పది పొట్లాలు కట్టిచ్చారు. వాడు క్లాసు ముందు నిలబడి లెక్కపెట్టాడట. డెబ్బై దాటాక ఫ్రెంచ్ అంకెలు కూడికలు, గుణకారాల్లా ఉంటాయి, అక్కడ తడబడి మళ్ళీ అరవై నుంచి ఎత్తుకుని వంద దాకా వెళ్ళాడు. అదే నోరు విప్పని పిల్లాడు!

ట్యూటర్లకి డబ్బులు పోయకండి. లైబ్రరీలో ఫ్రెంచ్ బొమ్మల పుస్తకాలు బోలెడు, టీఎఫ్ఓ అని ఒంటారియో ఫ్రెంచ్ టీవీ చానల్లో పిల్లల ప్రోగ్రాములు ఫ్రీ. మీకు ఫ్రెంచ్ రాకపోయినా పక్కన కూర్చుని వినండి చాలు. రీడింగ్‌లో సి ప్లస్ ఎందుకంటే ఫ్రెంచ్‌లో చాలా మాటల చివరి అక్షరాలు రాస్తారు గానీ పలకరు, మా వాడు అన్నీ పలికేస్తాడు, టీచర్ ఆ పదాల లిస్టు పంపింది, రాత్రి భోజనాలయ్యాక చదివిస్తున్నా.

వచ్చే గురువారం మళ్ళీ ఇంటర్వ్యూ. ఈసారి మా ఆయన కూడా లీవు పెట్టాడు, మెయిల్స్ అన్నీ ప్రింట్ తీసి ఉంచా, ఆ ఫైలావిడ వస్తే ముందు పేరు అడుగుతా. నేను పెట్టిన మెయిల్ ఎవరికైనా కావాలంటే చెప్పండి, పేర్లు తీసేసి పంపిస్తా.